ఓట్‌మీల్ కుకీలు: పిండి ఒకటే, కలిపేవే వేరు



ఒక ఆదివారం బాల వికాసం తరగతి ముగిశాక పిల్లలకు ఓట్‌మీల్ కుకీలు పంచాం. వంటశాల సేవలో ఉన్న ముగ్గురం ఎవరింట్లో వాళ్ళం చేసుకొచ్చి, అన్నీ ఒకే పళ్ళెంలో సర్దేశాం. ఒకరు వాల్‌నట్లు వేశారు, ఒకరు కిస్‌మిస్, ఒకరు జీడిపప్పు. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. రెండో తరగతి చదివే ఒక బాబు కుకీ చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా, "ఆంటీ, ఇందులో నట్స్ ఉన్నాయా?" అని అడిగాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏ కుకీ ఎవరిదో మాలో ఎవరికీ తెలియదు. బాబు దాన్ని మెల్లగా మా చేతికి ఇచ్చేసి, చేతులు కడుక్కుని వచ్చి, మిగతా పిల్లలు తింటుంటే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత వాళ్ళమ్మగారు చెప్పారు. బాబుకి వాల్‌నట్ పడదట. ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్ళాల్సి వచ్చిందట. ఎక్కడ ఏం పెట్టినా అడిగాకే తినమని ఇంట్లో నేర్పారట. అంటే పిల్లవాడు తను చేయవలసింది సరిగ్గానే చేశాడు. జవాబు లేకపోవడమే మా తప్పు. గుడికి వచ్చిన పసివాడు వట్టి చేతులతో కూర్చోవడం ఆ రోజు నుంచీ మా మనసులో ముల్లులా ఉండిపోయింది.

అందుకే ఈ సంచికలో వంటింటి పాఠం కుకీల గురించే. ఓట్‌మీల్ కుకీ చేయడం కష్టమేమీ కాదు. అసలు విషయమంతా చివర్లో కలిపే సరుకుల్లో ఉంది. ఇక్కడి వాళ్ళు వాటిని మిక్స్-ఇన్స్ అంటారు, మనం కలుపుడు సరుకులు అనుకుందాం. వాటిని బట్టే ఆ కుకీ ఎవరు తినగలరో, ఎవరు తినకూడదో తేలుతుంది. పిండి ఎలా కలపాలో, అందులో ఏం వేయాలో, వేసింది అందరికీ తెలిసేలా ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

1. ముందుగా ఓట్స్ గురించి

ఓట్‌మీల్ కుకీ అమెరికా వంటిళ్ళలో నూరేళ్ళకు పైగా ఉన్నదే. బోస్టన్ వంట పాఠశాల నడిపిన ఫ్యానీ ఫార్మర్ గారు 1896లో వేసిన వంటల పుస్తకంలోనే దీని పాళ్ళు ఉన్నాయి. ఆ పాతకాలపు పద్ధతిలో గుడ్డు ఉంటుంది. మనం గుడ్డు లేకుండా చేస్తాం.

దుకాణంలో ఓట్స్ ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. స్టీల్ కట్ అంటే గింజను ముక్కలుగా కోసినది, మన గోధుమ రవ్వలా ఉంటుంది. కుకీకి ఇది పనికిరాదు, ఓవెన్‌లో ఉండే ఆ పది పన్నెండు నిమిషాల్లో మెత్తబడదు. రోల్డ్ ఓట్స్ అంటే గింజను ఆవిరి పట్టి, అటుకుల్లా ఒత్తినవి. డబ్బా మీద ఓల్డ్ ఫ్యాషన్డ్ అని ఉంటుంది. మనకు కావలసినవి ఇవే. క్విక్ ఓట్స్ వాటికంటే పలచగా, చిన్నగా ఉంటాయి. వాటితో కుకీ మెత్తగా వస్తుంది గానీ నమలడానికి పట్టు ఉండదు. చక్కెర కలిపి పొట్లాలుగా అమ్మే ఇన్‌స్టంట్ ఓట్స్ మాత్రం వద్దు.

"ఓట్స్ కదా, ఆరోగ్యమే" అని చాలామంది అంటుంటారు. ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకన్ అనే పీచు పదార్థం కొలెస్టరాల్ తగ్గడానికి తోడ్పడుతుందన్నది నిజమే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకన్ లెక్కన ఆ మాట డబ్బాల మీద వేసుకోవడానికి ఎఫ్‌డీఏ 1997లో అనుమతి ఇచ్చింది. కానీ కింద చెప్పే పాళ్ళను 24 కుకీలకు పంచి చూడండి. ఒక్కో కుకీలో ఓట్స్ సుమారు 6 గ్రాములు, చక్కెర కూడా అంతే, వెన్న 5 గ్రాములకు కొంచెం తక్కువ. కనుక ఇది మిఠాయే. పిల్లలకు ఒకటి, మహా అయితే రెండు చాలు.

2. పాళ్ళు (24 కుకీలకు)

ఉప్పు లేని వెన్న: 1 స్టిక్, అంటే 113 గ్రాములు. గది వేడికి మెత్తబడాలి, కరగకూడదు.
బ్రౌన్ షుగర్: అర కప్పు, అదిమి కొలవాలి.
మామూలు చక్కెర: పావు కప్పు.
గట్టి పెరుగు: 3 టేబుల్ స్పూన్లు.
మైదా, అంటే ఇక్కడి ఆల్ పర్పస్ పిండి: 1 కప్పు, సుమారు 125 గ్రాములు.
బేకింగ్ సోడా: అర టీ స్పూను.
ఉప్పు: పావు టీ స్పూను.
ఏలకుల పొడి: అర టీ స్పూను.
రోల్డ్ ఓట్స్: ఒకటిన్నర కప్పు.
కలుపుడు సరుకులు: అన్నీ కలిపి ముప్పావు కప్పు. అంతకు మించితే కుకీ విరిగిపోతుంది.

అరవై మంది పిల్లలకు ఈ పాళ్ళు మూడింతలు చేస్తే 72 వస్తాయి, సరిపోతాయి.

3. ఏది ఎందుకు

గుడ్డు చేసే పని రెండు రకాలు: తడి ఇవ్వడం, పట్టి ఉంచడం. తడిని పెరుగు ఇస్తుంది. పట్టును చాలావరకు ఓట్స్, మైదా కలిసి ఇస్తాయి. పెరుగులోని పులుపు బేకింగ్ సోడాతో కలిసి గాలి బుడగలు పుట్టిస్తుంది, దాంతో కుకీ గుల్లగా వస్తుంది. పెరుగు లేకుండా పాలు పోస్తే ఆ గుల్లతనం తగ్గుతుంది.

బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్ ఉంటుంది కాబట్టి అది తడిని పట్టి ఉంచుతుంది. దాని బదులు మెత్తగా జల్లించిన బెల్లం పొడి వాడుకోవచ్చు, రుచి మన అరిసెకు దగ్గరగా వస్తుంది. బెల్లం గడ్డలు మాత్రం ఉండకూడదు, ఉన్నచోట కరిగి మాడుతుంది.

వెన్న బదులు నెయ్యి వేయవచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. వేయవచ్చు, కానీ అదే కొలతకు వేయకూడదు. ఇక్కడి వెన్నలో కొవ్వు 80 శాతానికి కాస్త పైన, మిగతాది ఎక్కువగా నీరే. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. అందుకని 113 గ్రాముల వెన్నకు 90 గ్రాముల గడ్డకట్టిన నెయ్యి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల పాలు వేయండి. కుకీ నానఖటాయిలా కొంచెం పొడిపొడిగా ఉంటుంది, కానీ వాసన బాగుంటుంది.

వెనిలా ఎసెన్స్ ఎందుకు రాయలేదని మీకు అనిపించవచ్చు. ఇక్కడ వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ అని అమ్మేదానిలో నియమం ప్రకారం కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉంటుంది. గుడిలో పంచే వాటిలో అది వద్దని మన సభ్యుల్లో కొందరు కోరారు. ఏలకులు ఉండగా దాని అవసరం కూడా మాకు కనిపించలేదు.

4. చేసే విధానం

వెన్న, రెండు రకాల చక్కెర కలిపి రెండు మూడు నిమిషాలు బాగా గిలకొట్టండి. రంగు కొంచెం తేలిక పడగానే పెరుగు వేసి కలపండి. కాస్త విరిగినట్టు కనిపించినా భయపడకండి, పిండి పడగానే సర్దుకుంటుంది. మైదా, సోడా, ఉప్పు, ఏలకుల పొడి వేరే గిన్నెలో కలుపుకుని, ఇందులో వేసి పిండి కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలపండి. చపాతీ పిండిలా మర్దిస్తే కుకీ గట్టిపడుతుంది. చివర ఓట్స్, ఆ తర్వాత కలుపుడు సరుకులు.

గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. ఈలోగా ఓట్స్ తడి పీల్చుకుంటాయి, వెన్న గట్టిపడుతుంది. ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడెక్కాక, పెద్ద నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, పార్చ్‌మెంట్ కాగితం పరిచిన ట్రేలో రెండేసి అంగుళాల ఎడంతో పెట్టి, వేళ్ళతో కొంచెం నొక్కండి. 11 నుంచి 13 నిమిషాలు చాలు. అంచులు బంగారు రంగుకు వచ్చి, మధ్యలో ఇంకా మెత్తగా ఉండగానే బయటకు తీయాలి. ట్రే మీదే పది నిమిషాలు వదిలేస్తే ఆ వేడికే గట్టిపడుతుంది. మధ్య కూడా గట్టిపడేదాకా ఓవెన్‌లో ఉంచితే, చల్లారాక పళ్ళకు పని చెబుతుంది.

పిల్లలతో చేయించేటప్పుడు ఒక జాగ్రత్త. గుడ్డు లేదు కదా అని పచ్చి పిండి నాకనివ్వకండి. మైదా ఉడికించిన సరుకు కాదు, అందులో హానికర సూక్ష్మజీవులు ఉండవచ్చు. పచ్చి పిండి తినవద్దని ఇక్కడి ఆరోగ్య శాఖ వారు హెచ్చరిస్తూనే ఉంటారు.

5. ఏం కలపాలి, ఏం కలపకూడదు

అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఆహార డబ్బాల మీద అలెర్జీ సరుకుల పేర్లు తప్పనిసరిగా వేయాలని అమెరికాలో 2004లో చట్టం చేశారు. అందులో ఎనిమిది ఉన్నాయి: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, బాదం జీడిపప్పు వాల్‌నట్ పిస్తా వంటి గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా. 2021 చట్టంతో తొమ్మిదోది చేరింది, అవి నువ్వులు. 2023 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మన వంటింట్లో నువ్వులు లేని పండుగ ఉండదు కాబట్టి ఈ తొమ్మిదోదాన్ని మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

మా మొదటి నిర్ణయం: పిల్లల తరగతికి తెచ్చే కుకీల్లో గింజపప్పులు, వేరుశనగ, నువ్వులు ఉండవు. ఈ మాట చెప్పగానే మా బృందంలోని ఒక పెద్దావిడ, "నాలుగు జీడిపప్పు పలుకులు వేస్తే ఏమవుతుందే అమ్మాయ్? మా కాలంలో ఈ అలెర్జీలు ఎక్కడివి?" అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. జీడిపప్పు లేని తీపి పెట్టడం మన ఇళ్ళలో లోభం కిందే లెక్క. కానీ అలెర్జీ ఉన్న పిల్లలకు పలుకు అక్కర్లేదు, దాని పొడి తగిలినా చాలు. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, కొందరికి గొంతు వాచి ఊపిరాడదు. ఓవెన్ వేడికి ఆ గుణం పోదు. బాబు సంగతి చెప్పాక ఆవిడే, "అయితే గుమ్మడి గింజలు వేయండి, పంటి కింద కరకరలాడతాయి" అని దారి చూపించారు.

ఇప్పుడు మేము ఒకే పిండిని మూడు గిన్నెల్లోకి తీసి, మూడు రకాలు చేస్తున్నాం.

మొదటిది కిస్‌మిస్. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గుడ్డతో తడి ఒత్తి వేయాలి. నానబెట్టకపోతే అవి పిండిలోని తడి లాక్కుని కుకీని ఎండబెడతాయి.

రెండోది ఖర్జూరం ముక్కలు, గుమ్మడి గింజలు. ఖర్జూరం తీపి కనుక చక్కెర రెండు స్పూన్లు తగ్గించవచ్చు. గింజలను దోరగా వేయించి చల్లార్చి వేయండి.

మూడోది చాక్లెట్ చిప్స్, పిల్లలు ముందు ఖాళీ చేసే పళ్ళెం ఇదే. వీటిలో చాలావాటిలో పాలు, సోయా ఉంటాయి. గింజపప్పులు ఆడే యంత్రాల మీదే తయారయ్యేవీ ఉంటాయి. "ఉండవచ్చు" అని డబ్బా మీద వేసే ఆ హెచ్చరికను చట్టం తప్పనిసరి చేయలేదు. అది కనిపించలేదంటే లేవని అర్థం కాదు. అందుకని గింజపప్పులు లేవని స్పష్టంగా రాసిన రకమే కొనండి.

పొద్దుతిరుగుడు గింజలు కూడా వేయవచ్చు. అయితే ఆ గింజల్లోని ఒక పదార్థం సోడాతో కలిసి, చల్లారాక అక్కడక్కడ ఆకుపచ్చ రంగు తేలవచ్చు. బూజు అనుకుని మేము ఒకసారి ట్రే మొత్తం పారేయబోయాం. అది హాని చేయదు.

శాకాహారం సంగతి కూడా చూడాలి. రంగురంగుల మార్ష్‌మాలోలు, జెల్లీ మిఠాయిల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. నిగనిగలాడే కొన్ని మిఠాయిల పూతలో కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అని రాసి ఉంటుంది. అది లక్క పురుగుల నుంచి వచ్చే లక్కే. గుడి కోసం చేసేవాటిలో ఈ రెండూ వద్దు.

6. చీటీ లేని పళ్ళెం వద్దు

సరుకు జాగ్రత్తగా ఎంచుకున్నా, నిన్న వేరుశనగ పొడి కొట్టిన మిక్సీ జారులోనే ఏలకులు ఆడితే ఫలితం లేదు. ఈ పని మొదలుపెట్టే ముందు గిన్నెలు, గరిటెలు, గట్టు అన్నీ సబ్బుతో కడగండి. చేతులకు కూడా సబ్బు, నీళ్ళే కావాలి. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ గింజల పొడిని తీసేయదు. కొయ్య గరిటెలో పాత వంట మిగిలిపోతుంది కాబట్టి స్టీలుదో సిలికాన్‌దో వాడండి. ట్రే మీద ప్రతిసారీ కొత్త కాగితం వేయండి.

ప్రతి పళ్ళెం ముందు ఒక చీటీ పెడుతున్నాం. అందులో చేసినవారి ఇంటిపేరు, వేసిన సరుకులన్నీ, కింద పెద్ద అక్షరాలతో "పాలు, గోధుమ ఉన్నాయి" అని తెలుగులో, ఇంగ్లీషులో రాస్తాం. పిల్లలు ఇంగ్లీషులో చదువుకుంటారు, అమ్మమ్మలు, తాతయ్యలు తెలుగులో చదువుకుంటారు. సరుకులు కొన్న డబ్బాల మూతలూ అట్టలూ పంచడం అయ్యేదాకా పారేయం. ఏ తల్లి అడిగినా చూపించడానికి అవి ఉండాలి.

పాలు పడని వాళ్ళకు, గోధుమ పడని వాళ్ళకు మా కుకీ సరిపోదు. ఓట్స్‌లో గోధుమలా గ్లూటెన్ లేకపోయినా, పొలంలోనూ మరలోనూ గోధుమ కలిసే అవకాశం ఎక్కువ. పైగా మనం మైదా వేస్తున్నాం. కనుక ఆ పిల్లల కోసం తొక్క తీయని అరటిపళ్ళు, నారింజలు వేరే బుట్టలో పెడుతున్నాం. అవి కుకీల బల్ల మీద కాకుండా దూరంగా ఉంటాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలకు ఏదైనా పడకపోతే తరగతి గురువుగారికి రాసి ఇవ్వండి. డాక్టరు గారు ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ రాసి ఉంటే, దాన్ని కారులో వదలకుండా పిల్లల దగ్గరే ఉంచండి. ఊపిరాడకపోవడం, గొంతు పట్టేయడం కనిపిస్తే వెంటనే ఆ ఇంజెక్షన్ వేసి 911కు ఫోన్ చేయాలి. తగ్గుతుందేమోనని కూర్చోకూడదు.

7. కుదరనప్పుడు

కుకీలు దోసెల్లా పరుచుకుపోతే: వెన్న కరిగిపోయి ఉంటుంది, లేదా పిండి ఫ్రిజ్‌లో పెట్టలేదు. ఇంకో అరగంట పెట్టి చూడండి.
పొడిపొడిగా రాలిపోతే: మైదా ఎక్కువైంది. కప్పుతో పిండిలో ముంచి తీస్తే అదిమినట్టు అవుతుంది. స్పూనుతో కప్పులోకి వేసి పైన చదును చేయాలి.
రాయిలా ఉంటే: ఎక్కువసేపు కాల్చారు. రెండు నిమిషాలు తగ్గించండి.
సబ్బు రుచి వస్తే: సోడా ఎక్కువైంది. అర స్పూను అంటే తలగొట్టిన అర స్పూనే.

8. ఇది ప్రసాదమా?

పిల్లలు అడిగిన మంచి ప్రశ్న ఇది. స్వామికి పెట్టే నైవేద్యం మన గుడి వంటశాలలో, దాని నియమాలతో, వేరుగా తయారవుతుంది. ఇళ్ళలో చేసి తెచ్చే కుకీలను మేము నైవేద్యంగా పెట్టం. ఇవి తరగతి తర్వాత పిల్లలు తినే పలహారం మాత్రమే. ఏకాదశి నాడు ధాన్యం మానేవాళ్ళకు ఓట్స్ కూడా ధాన్యమే కాబట్టి ఆ రోజుల్లో కుకీలు తేము, పళ్ళే పెడతాం.

అయినా ప్రసాదం పంచడంలో ఉన్న ఒక మర్యాద దీనికీ వర్తిస్తుందని మా నమ్మకం. ప్రసాదం పంచేవారు వరుసలో ఎవరినీ దాటిపోరు. కుకీ పళ్ళెం పట్టుకున్నవారు కూడా ఏ పిల్లవాడినీ దాటిపోకూడదు. అందుకు కావలసినది ఖరీదైన సరుకు కాదు. ఏం వేశామో మనకు తెలియడం, అడిగిన పిల్లవాడికి చెప్పగలగడం, అంతే.

పోయిన నెల అదే బాబు మళ్ళీ వచ్చాడు. ముందు చీటీ చదివాడు. తర్వాత, "ఆంటీ, మీ మిక్సీలో నట్స్ వేస్తారా?" అని అడిగాడు. కడిగిన సంగతి చెప్పి, డబ్బా అట్టలు చూపించాం. వాళ్ళమ్మగారు కూడా చదివి సరే అన్నాకే గుమ్మడి గింజల కుకీ తీసుకున్నాడు. సగం తిని, "ఇంకొకటి తీసుకోవచ్చా?" అన్నాడు. రెండు చాలని పైన మేమే రాశాం కదా, ఆ రెండోది ఇచ్చాం.

ఇంట్లో పిల్లలతో మాట్లాడుకోవడానికి:

1. పిండి చేసేటప్పుడు పెరుగు, సోడా కలిస్తే ఏమవుతుంది? ఒక గిన్నెలో వేసి చూడండి.
2. మీ వంటింట్లోని ఐదు డబ్బాల మీద అలెర్జీ సరుకుల వరుస చదవండి. ఆ తొమ్మిదిలో ఎన్ని కనిపించాయి?
3. మీ తరగతిలో ఎవరికి ఏది పడదో మీకు తెలుసా? వాళ్ళకు మీ పుట్టినరోజున ఏం పెడతారు?

శుభం భూయాత్.
వంటశాల సేవా బృందం